దీవిలో ఇల్లు సర్దుకునే ముందు ఒక వానాకాలం చూడండి

మేము దీవికి మకాం మార్చిన మూడో నెలలో ఎవరో ఫంక్షన్‌కి పిలిస్తే మా ఆయన బీరువాలోంచి నల్ల లెదర్ బూట్లు తీశారు. వాటి మీద తెల్లగా, అక్కడక్కడా ఆకుపచ్చగా నూగులాగా ఫంగస్ పట్టేసింది, వేలితో రుద్దితే పొడిపొడిగా రాలింది, లోపల కుక్కిన న్యూస్‌పేపర్ ముద్ద తడిసి మెత్తబడిపోయింది. బీరువా ముందుకి లాగి చూస్తే గోడ మీద కూడా అదే, బీరువా ఎంత వెడల్పుందో సరిగ్గా అంతమేరా నల్లటి మరక. వచ్చిన మొదటి వారంలోనే ఇంటినిండా సామాను కొనేసి గోడలకి ఆనించి సర్దేసి హమ్మయ్య సెటిలైపోయాం అనుకున్నాం, అప్పటికే చెక్కపొట్టు అతికించి చేసిన పార్టికల్ బోర్డ్ టేబుల్ కాళ్ళు కింద ఉబ్బిపోయి పైపొర లేచిపోతోంది.

అందుకే ఇప్పుడు ఇలాంటి వేడి ప్రాంతంలో దీవికి వెళ్తున్నాం అని ఎవరు చెప్పినా నేను చెప్పే మొదటి మాట, ఒక వానాకాలం గడిచేదాకా ఇల్లు కొనొద్దు, ఉన్న ఇంటిని సామానుతో నింపొద్దు. అద్దెకుండండి. పరుపు, ఫ్యాన్లు, స్టవ్, ఒక టేబుల్, కుర్చీలు, ఇంతే చాలు. గాలి ఏ వైపు నుంచి వస్తుంది, వాన ఏ కిటికీలోంచి లోపలికి కొడుతుంది, ఏ గోడ చెమ్మ పడుతుంది, నీళ్ళు ఎన్ని రోజులకోసారి ఆగిపోతాయి, ఇవన్నీ ఆ ఇల్లే మీకు చెప్తుంది, కాకపోతే దానికి ఒక సీజన్ పడుతుంది.

బయల్దేరే ముందు చేసుకోవాల్సినవి త్వరగా చెప్పేస్తా. సర్టిఫికెట్లు, అంటే పుట్టినరోజుది, పెళ్ళిది, చదువువి, అన్నిటికీ అపోస్టిల్, అంటే ఆ కాగితం అసలైనదేనని మన ప్రభుత్వం వేసే ముద్ర, వేయించుకోండి. 1961 హేగ్ ఒప్పందంలో ఉన్న దేశాలకి అది సరిపోతుంది, అందులో లేని దేశమైతే ఎంబసీ అటెస్టేషన్ కావాలి. అక్కడికి వెళ్ళాక చేయించుకుందాంలే అనుకుంటే కొరియర్లకీ టైముకీ నెలలు పోతాయి. ఇంకోటి, బ్యాంక్ అకౌంట్‌కి అడ్రస్ ప్రూఫ్ అడుగుతారు, అద్దె అగ్రిమెంట్‌కి బ్యాంక్ అకౌంట్ అడుగుతారు, కరెంటు బిల్లు పేరు మార్చడానికి రెండూ అడుగుతారు, ఈ చక్రంలో పడి తిరగడం మామూలే. మీ కంపెనీ నుంచో, పిల్లల స్కూల్ నుంచో లెటర్‌హెడ్ మీద అడ్రస్ రాసి ఉన్న ఉత్తరం ఒకటి తెచ్చుకుంటే చాలాసార్లు ఆ ముడి అక్కడే విడిపోతుంది.

సామాను ఓడలో వేసేవాళ్ళకి, 20 అడుగుల కంటైనర్‌లో సుమారు 33 క్యూబిక్ మీటర్లు పడుతుంది, అది పూర్తిగా నింపాలని చూడకండి. లెదర్ సోఫా, పార్టికల్ బోర్డ్ బీరువాలు, పియానో, పాత ఫోటో ఆల్బమ్‌లు, ఇవి ఇక్కడి గాలికి తట్టుకోవు. ఫోటోలు స్కాన్ చేసి ఒరిజినల్స్ మీ ఊళ్ళోనే ఎవరి దగ్గరైనా ఉంచండి. చెక్క పెట్టెల్లో ప్యాక్ చేయిస్తే వాటి మీద ఐఎస్‌పీఎం 15 ముద్ర, అంటే చెక్కలో పురుగులు లేకుండా చేశారని చెప్పే అంతర్జాతీయ గుర్తు, ఉందో లేదో చూసుకోండి, ఎక్కువగా కనిపించే హెచ్‌టీ గుర్తుకి అర్థం చెక్కని లోపలిదాకా 56 డిగ్రీల వేడిలో కనీసం 30 నిమిషాలు ఉంచారని. సైకిల్ టైర్లు, గార్డెన్ పనిముట్లు, ట్రెక్కింగ్ బూట్లు మట్టి రేణువు లేకుండా కడిగి ఆరబెట్టాకే పెట్టెలో పెట్టండి, విత్తనాలు అస్సలు వద్దు. కస్టమ్స్ వాళ్ళు మరీ చాదస్తం అని కొంతమంది విసుక్కుంటారు గానీ వాళ్ళ భయం నిజమైనదే. గ్వామ్ దీవిలోకి రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సామాన్లతోపాటు ఒక రకం చెట్టు పాము వచ్చింది, ఆ దీవి అడవి పక్షుల్లో చాలా జాతులు దానివల్లే లేకుండా పోయాయి. మన బూటు కింద మట్టిలో ఏం వస్తోందో మనకి కనపడదు కదా.

కరెంటు వస్తువుల విషయం. అన్ని దీవుల్లో ఒకే వోల్టేజ్ ఉండదు, మారిషస్‌లో 230 వోల్టులు 50 హెర్ట్జ్, ప్యూర్టో రికోలో 120 వోల్టులు 60 హెర్ట్జ్. ఫోన్, ల్యాప్‌టాప్ చార్జర్ల మీద 100-240 అని రాసి ఉంటే ప్లగ్ మారిస్తే చాలు. మోటార్‌తో తిరిగేవి, అంటే మిక్సీ, వాషింగ్ మెషీన్, వేడెక్కేవి, అంటే హెయిర్ డ్రైయర్ లాంటివి, వోల్టేజ్ కలవకపోతే తీసుకెళ్ళకండి, ట్రాన్స్‌ఫార్మర్ పెట్టి వాడటం అంత సుఖం కాదు.

ఇక ఇల్లు వెతకడం. పెద్ద కొండలున్న దీవి అయితే అది ఒక దీవి కాదు, రెండు దీవులు అనుకోండి. ఈ ప్రాంతాల్లో గాలి ఏడాదిలో చాలా భాగం తూర్పు వైపు నుంచి వస్తుంది, ఆ గాలి తగిలే వైపు వాన ఎక్కువ, కొండ దాటిన వైపు పొడి. హవాయిలో పెద్ద దీవి తీసుకోండి, తూర్పున ఉన్న హిలోలో ఏడాదికి 3,000 మిల్లీమీటర్లకి పైనే వాన పడుతుంది, అదే దీవికి పడమటి తీరం దాంతో పోలిస్తే చాలా పొడిగా ఉంటుంది. కాబట్టి ఆఫీస్‌కి ఎంత దూరం అనేదొక్కటే కాదు, కొండకి ఏ వైపు అనేది కూడా చూసి ఇల్లు తీసుకోండి. సముద్రం కనిపించే ఇల్లు అంటే అందరికీ ఇష్టమే, నాకూ ఇష్టమే, కానీ అలల తుంపర గాలిలో ఎగిరొచ్చి పడే దూరంలో ఉంటే ఇంట్లో ఇనుము ఏదీ మిగలదు. కాస్త వెనక్కి, కాస్త ఎత్తులో ఉన్న ఇల్లు తీసుకుని సముద్రానికి నడిచి వెళ్ళడం నయం.

ఇల్లు చూడ్డానికి ఎండ కాస్తున్నప్పుడు కాదు, వాన పడుతున్నప్పుడు వెళ్ళండి, కుదరకపోతే వాన ఆగిన మర్నాడు. లోపలికి అడుగుపెట్టగానే ముక్కుతో చూడండి, మూసిన గదిలో తడి గుడ్డ వాసన వస్తే ఆ ఇంటికి చెమ్మ ఉన్నట్టే, కొత్త పెయింట్ వాసన ఘాటుగా ఉంటే దేన్ని దాచడానికి వేశారో అడగండి. సింక్ కింద చూడండి, బీరువాల వెనక చూడండి, తలుపు కీలు తుప్పు ఎంత పట్టిందో చూడండి. ఒకదానికొకటి ఎదురుగా కిటికీలు ఉన్నాయా, గాలి ఇటు దూరి అటు పోతుందా అనేది ఏసీ కంటే ముఖ్యం. చెక్క కిటికీ గట్టు మీదో నేల మీదో గసగసాల్లాంటి సన్నటి గింజలు చిన్న కుప్పగా కనిపిస్తే అది దుమ్ము కాదు, పొడి చెక్కని తినే చెదల రెట్ట. అరచేతిలో వేసుకుని భూతద్దంలో చూస్తే ఒక్కో గింజకి ఆరు పలకలు ఉంటాయి. తుడిచేసినా రెండు రోజుల్లో మళ్ళీ అదే చోట కుప్ప వేస్తే పైన చెక్కలో పుట్ట బతికే ఉంది, అలాంటి ఇల్లు ట్రీట్‌మెంట్ చేయిస్తేనే తీసుకోండి.

నీళ్ళ గురించి ఓనర్‌ని కాదు, పక్కింటివాళ్ళని అడగండి. వారానికి ఎన్ని రోజులు వస్తాయి, ప్రెజర్ ఎలా ఉంటుంది, ట్యాంక్ ఎంత. చాలా చిన్న దీవుల్లో నేల కింద మంచినీళ్ళు ఉప్పునీటి మీద తేలుతూ ఒక పలచని కటకంలా ఉంటాయి, సముద్ర మట్టానికి పైన మంచినీళ్ళు ఒక మీటర్ ఎత్తుంటే కింద సుమారు 40 మీటర్ల లోతుదాకా మంచినీరే ఉంటుందని ఒక లెక్క. అంటే పైన కాస్త తగ్గినా కింద చాలా పోతుంది, అందుకే బోరు ఎక్కువ తోడితే నీళ్ళు ఉప్పెక్కుతాయి, ఆ ఉప్పు మళ్ళీ పోవాలంటే చాలాకాలం పడుతుంది. వాననీళ్ళు పట్టుకునే ఏర్పాటు ఉన్న ఇల్లు దొరికితే అది పెద్ద ప్లస్. లెక్క సులువు, ఒక చదరపు మీటరు పైకప్పు మీద ఒక మిల్లీమీటర్ వాన పడితే ఒక లీటరు, 100 చదరపు మీటర్ల రేకుల మీద 10 మిల్లీమీటర్లు కురిస్తే 1,000 లీటర్లు, కొంత వేస్ట్ పోయినా ఒక కుటుంబానికి కొన్ని రోజుల వాడకం. మొదటి వాననీళ్ళు మాత్రం ట్యాంక్‌లోకి పోనివ్వకుండా బయటికి వదలండి, పైకప్పు మీద పక్షుల రెట్టలు, ఆకులు, దుమ్ము అన్నీ అందులోనే వస్తాయి. తాగడానికైతే ఫిల్టర్ చేసి కాచుకోండి, తెర్లడం మొదలయ్యాక ఒక నిమిషం మరిగితే చాలు.

ఇప్పుడు అసలు సంగతి, తేమ. ఇంట్లోకి మొదట కొనాల్సిన వస్తువు ఒక చిన్న హైగ్రోమీటర్, గాలిలో తేమ శాతం చూపిస్తుంది, అగ్గిపెట్టె కంటే కాస్త పెద్దది, ఖరీదు పెద్దగా ఉండదు. 60 శాతం లోపుంటే ఇల్లు బాగున్నట్టు, 70 దాటి రోజులతరబడి అక్కడే ఉంటే ఫంగస్ మొదలైనట్టే. మా ఇంట్లో మూడు పెట్టాం, హాల్లో ఒకటి, బీరువాలో ఒకటి, పడమటి గదిలో ఒకటి, హాల్లో 65 ఉన్నప్పుడు బీరువాలో 78 చూపించింది, అప్పుడు అర్థమైంది బూట్లకి ఏమైందో. మూసిపెట్టిన చోటే తేమ నిలుస్తుంది. కాబట్టి బీరువా గోడకి నాలుగు వేళ్ళ దూరంలో పెట్టండి, తలుపులు జాలీవో లూవర్‌వో ఉంటే మంచిది, లేదంటే పగలు కాసేపు తెరిచి ఉంచండి, బట్టలు కిక్కిరిసి కుక్కకండి. తడిసినది ఏదైనా, కార్పెట్ కానీ పరుపు కానీ, ఒకటి రెండు రోజుల్లోపు ఆరిపోవాలి, అంతకు మించితే ఫంగస్ పట్టుకుంటుంది. ఫంగస్ పట్టిన గోడని పొడిగా తుడవకండి, గాలిలోకి లేచి ఇల్లంతా పరుచుకుంటుంది, మాస్క్ పెట్టుకుని తడిగుడ్డతో డిటర్జెంట్ నీళ్ళతో కడిగి బాగా ఆరనివ్వండి, బ్లీచ్ వాడితే దాంట్లో ఇంకే క్లీనర్ కలపొద్దు, ముఖ్యంగా అమ్మోనియా ఉన్నవీ యాసిడ్ ఉన్నవీ, విషపు గ్యాస్ వస్తుంది.

ఏసీ విషయంలో చాలామంది చేసే తప్పు, వేడి ఎక్కువ కదా అని గదికి మించిన పెద్ద ఏసీ కొనడం. అది ఐదు నిమిషాల్లో చల్లబరిచేసి ఆగిపోతుంది, తేమ లాగేంత సేపు నడవనే నడవదు, గది చల్లగా జిగటగా ఉంటుంది. గదికి సరిపడేది తీసుకుని ఎక్కువసేపు నడవనివ్వండి, వానరోజుల్లో డ్రై మోడ్ వాడండి. ఏసీ అక్కర్లేని గదికి డీహ్యుమిడిఫయర్, అంటే గాలిలో తేమని నీళ్ళుగా లాగేసే మెషీన్, చాలు, వేడి ప్రాంతానికి కంప్రెసర్ రకమే కొనండి. మొదట్లో రోజూ బకెట్‌లో ఎన్ని నీళ్ళు పడతాయో చూస్తే నమ్మబుద్ధి కాదు, అవన్నీ మీ పరుపులోకీ పుస్తకాల్లోకీ పోయేవే.

ఉప్పుకి మందు మంచినీళ్ళే. ఏసీ బయటి యూనిట్, కిటికీ గ్రిల్స్, గేటు, సైకిల్, కారు కింద భాగం, వీటిని నెలకోసారైనా మంచినీళ్ళతో కడిగేయండి, ఏసీకి స్విచ్ ఆఫ్ చేసి, నెమ్మదిగా పోయాలి, ప్రెజర్ పైపు పెడితే రెక్కలు వంగిపోతాయి. స్క్రూలు, కీలు, బట్టలారేసే తీగ హుక్కులు కొనేటప్పుడు స్టెయిన్‌లెస్ అంటే సరిపోదు, 316 అని అడగండి. మామూలుగా దొరికేది 304, చూడ్డానికి రెండూ ఒకేలా ఉంటాయి కానీ 316లో మాలిబ్డినం అనే లోహం కలుస్తుంది, ఉప్పుగాలికి అది చాలా మెరుగ్గా నిలుస్తుంది. మా వరండాలో ఒకే రోజు బిగించిన రెండు హుక్కులున్నాయి, ఒకటి ఇప్పటికీ తళతళలాడుతోంది, రెండోదాని కింద గోడ మీద గోధుమరంగు చార జారి కిందిదాకా వచ్చింది.

దోమల గురించి భయపడి కూర్చోవడం కంటే వాటి లెక్క తెలుసుకోవడం మంచిది. డెంగీ తెచ్చే ఏడిస్ దోమ పగలు కుడుతుంది, ముఖ్యంగా పొద్దున్నే, సాయంత్రం చీకటి పడేముందు. గుడ్డు నుంచి రెక్కల దోమ కావడానికి వారం పది రోజులు. అందుకే వారానికోసారి ఒక రోజు పెట్టుకుని ఇల్లు చుట్టూ తిరిగి నిలవున్న నీళ్ళన్నీ పారబోయండి, మొక్కల కుండీ కింద పళ్ళెం, ఫ్రిజ్ వెనక ట్రే, ఏసీ నీళ్ళు పట్టే బకెట్, పైకప్పు గట్టర్, పిల్లల బొమ్మలు. పారబోస్తే చాలదు, గిన్నె అంచులు బ్రష్‌తో రుద్దాలి, ఎందుకంటే గుడ్లు అంచుకి అంటుకుని ఎండిపోయినా నెలలతరబడి బతికే ఉంటాయి, మళ్ళీ తడి తగలగానే పిల్లలవుతాయి. ఈ దోమ మహా అయితే కొన్ని వందల మీటర్లు ఎగురుతుంది, కాబట్టి మిమ్మల్ని కుడుతున్నది మీ ఇంట్లో పుట్టిందో పక్కింట్లో పుట్టిందో అయ్యుంటుంది, పక్కవాళ్ళతో కలిసి చేసుకోండి. జ్వరం వస్తే డాక్టర్ చూసి డెంగీ కాదని చెప్పేదాకా పారాసెటమాల్ తప్ప ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ వేసుకోకండి, రక్తస్రావం ప్రమాదం ఉంటుంది. వరద నీళ్ళలో చెప్పుల్లేకుండా నడవద్దు, ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ అనే జబ్బు వస్తుంది, కాలికి చిన్న గీత ఉన్నా చాలు. బల్లుల్ని మాత్రం తరమకండి, పురుగుల్ని అవే తింటాయి, కాకపోతే ఏసీ సర్క్యూట్ బోర్డులోకి దూరి షార్ట్ చేస్తాయి, కాబట్టి పైపులు గోడలోకి వెళ్ళే కన్నాలు మూయించండి.

సముద్రం గురించి రెండు మాటలు. ఈత వచ్చు కదా అని కొత్త బీచ్‌లో దిగకండి, ఎక్కడ లాగుతుందో అక్కడివాళ్ళకే తెలుసు. ఒకవేళ లోపలికి లాగేసే ప్రవాహంలో చిక్కితే ఒడ్డుకి ఎదురీదకుండా ఒడ్డుకి సమాంతరంగా పక్కకి ఈదండి, అది దాటాక ఒడ్డుకి రండి. పగడపు దిబ్బల దగ్గర పట్టిన పెద్ద చేపల్లో కొన్నిటికి సిగ్వాటెరా అనే విషం ఉంటుంది, వండినా ఫ్రీజ్ చేసినా పోదు, ఏ చేప ఏ వైపుది తినొచ్చో జాలర్లని అడగాల్సిందే. సన్‌స్క్రీన్ కొనేముందు అక్కడి రూల్ చూడండి, పగడాలకి హాని అని పలావ్ దేశం 2020 నుంచి, హవాయి 2021 నుంచి ఆక్సీబెంజోన్ లాంటి రసాయనాలు ఉన్నవాటి అమ్మకం ఆపేశాయి.

తుఫాను కాలం ఎప్పుడో మీ దీవి ఎక్కడుందో దాన్నిబట్టి ఉంటుంది. కరీబియన్ వైపు జూన్ 1 నుంచి నవంబర్ 30, భూమధ్యరేఖకి దిగువన హిందూ మహాసముద్రంలో, దక్షిణ పసిఫిక్‌లో నవంబర్ నుంచి ఏప్రిల్, వాయవ్య పసిఫిక్‌లో ఏడాదిలో ఎప్పుడైనా రావచ్చు. సీజన్ మొదలవ్వకముందే షటర్లు మూసి తెరిచి చూసుకోండి, బిగుసుకుపోయిన బోల్టులకి గ్రీజు పెట్టండి, పైకప్పు రేకులు దూలాలకి క్లిప్పులతో బిగించి ఉన్నాయో లేదో ఓనర్‌ని అడిగి పైకెక్కించి చూపించుకోండి, మొహమాటపడకండి. అద్దాలకి టేప్ వేయడం దండగ, పగలకుండా ఆపదు, పగిలితే ఇంకా పెద్ద ముక్కలు వస్తాయి. గాలి ఒత్తిడి సమానం అవ్వాలని ఒక కిటికీ తెరిచి ఉంచమని ఎవరైనా చెప్తే వినకండి, అన్నీ మూసేయాలి, గాలి లోపలికి దూరితే పైకప్పుని లేపేస్తుంది. ఇంకోటి, హోరున వీచిన గాలి ఉన్నట్టుండి ఆగిపోయి ఎండ కూడా వస్తే అయిపోయిందని బయటికి రాకండి, అది తుఫాను కన్ను, కాసేపట్లో గాలి రెండో వైపు నుంచి అంతే జోరుగా వస్తుంది.

మనిషికి రోజుకి 4 లీటర్ల చొప్పున తాగేనీళ్ళు కనీసం వారానికి సరిపడా, మందులు నెలకి సరిపడా ఎప్పుడూ ఇంట్లో ఉండాలి. కరెంటు పోయాక ఫ్రిజ్ తలుపు తీయకుండా ఉంటే 4 గంటలు, నిండుగా ఉన్న ఫ్రీజర్ 48 గంటలదాకా ఆగుతుంది. జనరేటర్ ఇంట్లో, గ్యారేజీలో, వరండాలో పెట్టొద్దు, ఇంటికి కనీసం 6 మీటర్ల దూరంలో పెట్టాలి, దాని పొగకి వాసన తెలియకుండానే ప్రాణం పోతుంది. వారం నీళ్ళు నెల మందులు ఎక్కువ అనిపిస్తే ఒక్క విషయం గుర్తుపెట్టుకోండి, 2017లో మరియా హరికేన్ తర్వాత ప్యూర్టో రికోలో అందరికీ కరెంటు తిరిగి రావడానికి దాదాపు 11 నెలలు పట్టింది. తుఫాను పోయాక మొదటి పని, నీళ్ళు ఉంటే, ఉప్పు ఎండిపోకముందే కిటికీలూ ఏసీ యూనిట్టూ కడిగేయడం.

కొనడం గురించి అడుగుతుంటారు. దీవిలో షాపులు ఓడ మీద ఆధారపడతాయి, కాబట్టి ఓడ ఏ రోజు వస్తుందో, సరుకు అరల్లోకి ఏ రోజు ఎక్కుతుందో కనుక్కుని ఆ రోజు వెళ్ళండి. వాటర్ ఫిల్టర్ క్యాండిల్, ట్యాప్ వాషర్లు, గ్యాస్ రెగ్యులేటర్, మోటార్ కెపాసిటర్ లాంటివి రెండేసి ఉంచుకోండి, ఒకటి వాడగానే ఇంకోటి ఆర్డర్ పెట్టండి. పెద్ద వస్తువులు మాత్రం కొత్తవి కొనేముందు దీవి వదిలి వెళ్ళేవాళ్ళు అమ్మేవి చూడండి, ఈ గాలిలో రెండు మూడేళ్ళు నిలబడిన టేబుల్ ఇంకా నిలబడుతుంది, ఆ పరీక్ష పాసైన సామాను అది.

మనుషుల సంగతి నాకు అన్నిటికంటే ముఖ్యం. చిన్న దీవిలో కరెంటు మేస్త్రీ మేనత్త బ్యాంక్‌లో పనిచేస్తుంది, మీ ఓనర్ తమ్ముడు మీ పిల్లలకి టీచర్ అవుతాడు, కోపంలో అన్న మాట సాయంత్రానికి ఊరంతా తిరిగొస్తుంది, చేసిన సాయం కూడా అలాగే తిరిగొస్తుంది. అక్కడి భాషలో పలకరింపు, థ్యాంక్స్, ధర అడగడం, ఇవి మొదటి వారంలోనే నేర్చుకోండి. పని ఆలస్యమైతే అరవకండి, విడిభాగం ఓడలో ఉందని అతను చెప్తే నిజంగానే ఓడలో ఉంటుంది. నాలుగైదు నెలలకి ఒక దిగులు పట్టుకుంటుంది, ఎటు నడిచినా సముద్రమే వస్తుంది, ఎక్కడికీ పోలేనేమో అన్నట్టు ఊపిరాడదు. నాకు ఐదో నెలలో వచ్చింది, ఊరికే వంటింట్లో నిలబడి ఏడ్చాను. అది మీలో లోపం కాదు, చాలామందికి వస్తుంది, ఆ టైములో వెళ్ళిపోదామని పెద్ద నిర్ణయాలు తీసుకోకుండా ముందే ఒక ప్రయాణం టికెట్ ఆరో నెలకి బుక్ చేసి పెట్టుకోండి.

ఆ ప్రయాణానికి వెళ్ళేటప్పుడు ఇల్లు మూసే పద్ధతి ఒకటుంది. మెయిన్ వాల్వ్ కట్టేయండి, ఫ్రిజ్ ఖాళీ చేసి ఆఫ్ చేసి తలుపు కాస్త తెరిచి గుడ్డముక్క అడ్డం పెట్టండి, బీరువాల తలుపులన్నీ బార్లా తీసి ఉంచండి, పరుపు నిలబెట్టండి, డీహ్యుమిడిఫయర్ పైపు సింక్‌లోకి వదిలి టైమర్ మీద పెట్టండి, తుఫాను కాలమైతే షటర్లు దింపేసి వెళ్ళండి. బూట్లు బీరువాలో కాదు, హాల్లో ఫ్యాన్ కింద వదిలేయండి. తాళం చెవి ఒకటి పక్కింటివాళ్ళకిచ్చి, వారానికోసారి వాన లేనప్పుడు వచ్చి ఒక గంట కిటికీలు తెరిచిపెట్టమని, కుండీ పళ్ళేల్లో నీళ్ళు పారబోయమని చెప్పి వెళ్ళండి.